డాబా గదిలో ఫ్యాన్ తిరుగుతున్నా గాలి తగలడం లేదు – మామయ్యగారి కోసం ఏం చేయమంటారు?

రాజోలు వైపు కోడలు – మే 12

నమస్కారమండి. మాది రాజోలు దగ్గర గోదావరి గట్టు పక్క ఊరు. ఇంటి చుట్టూ కొబ్బరితోట. తోటలో ఇల్లంటే చల్లగా ఉంటుందని హైదరాబాద్ నుంచి వచ్చే చుట్టాలు అనుకుంటారు. పగలు నీడ మాట నిజమే. కానీ ఆకు కదలని రోజున ఆ తోటే గాలిని ఆపేస్తుంది. కాలువలు కట్టేసి మూడు వారాలైంది, చేలు బీటలు వారాయి, అయినా గాలిలో తేమ మాత్రం అలాగే ఉంది. స్నానం చేసి ఒళ్ళు తుడుచుకునేలోపే మళ్ళీ చెమట.

అడగాల్సింది మా మామయ్యగారి గురించి. ఆయనకి 81 ఏళ్ళు. మొన్న సంక్రాంతి దాకా పాత పెంకుటింటి వసారాలోనే పడుకునేవారు. నవారు మంచం, నెత్తిన పెంకులు, ఎటు గాలి వీచినా తగిలే చోటు. వసారా వాసాలకి చెదలు పట్టి రెండు చోట్ల పెంకు జారింది. భయమేసి, పక్కనే 2009లో మావారు వేయించిన డాబా గదిలోకి ఆయన్ని మార్చాం. గది 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు, పదిన్నర అడుగుల ఎత్తు. పైన ఇంకో అంతస్తు లేదు, శ్లాబు మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండే. దక్షిణానికి ఒక కిటికీ, ఉత్తరానికి తలుపు.

ఫ్యాన్ ఉంది. 48 అంగుళాలది, గది కట్టినప్పటిదే. జానెడు రాడ్డుతో శ్లాబుకి దగ్గరగా బిగించారు. ఐదులో పెట్టినా రెక్కలు లెక్కపెట్టేలా తిరుగుతుంది. సాయంత్రం ఏడు నుంచి పదిన్నర వరకూ ఊళ్ళో వోల్టేజీ తక్కువ, ఆ టైములో ఇంకా మెల్లగా. మామయ్యగారు రాత్రి పదింటికి పడుకుంటారు, పదకొండుకి లేచిపోతారు. "పైనుంచి ఎవరో పొయ్యి వెలిగించినట్టుందమ్మా" అంటారు. ఎవరినీ లేపకుండా చీకట్లో వెళ్ళి నూతి చప్టా మీద కూర్చుంటున్నారు. అక్కడ పాచి ఉంటుంది. జారి పడి తుంటి ఎముక విరిగితే ఆ వయసులో కోలుకోవడం చాలా కష్టం. నాకు రాత్రంతా అదే టెన్షన్, తలుపు చప్పుడైతే లేచి చూస్తున్నాను.

మా మరిది కూలర్ కొనమంటున్నాడు. మా అబ్బాయి ఏసీ అంటున్నాడు. మామయ్యగారికి తలుపులు మూసిన గది పడదు, ఆయన వద్దన్నారు. ఆయనకి ఇష్టం లేనిది ఆయన గదిలో పెట్టడం నాకూ ఇష్టం లేదు. అసలు ఫ్యాన్‌తోనే దారి ఏమైనా ఉందా? కొత్తది, పెద్దది కొంటే తేడా వస్తుందా?

ఇంకో మాట. పెంకుటింటి హాల్లో ఇప్పటిదాకా ఫ్యాన్ లేదు. పగటిపూట ఆయన అక్కడే వాలుకుర్చీలో ఉంటారు. దూలానికి ఫ్యాన్ వేలాడదీయొచ్చా? క్రితం ఏడాది మా తోటికోడలు వాళ్ళింట్లో ఫ్యాన్ ఊడి మంచం మీద పడింది. పిల్లాడు అప్పుడే లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళాడు కాబట్టి బతికాడు. ఆ వంగిన రెక్కలు చూసిన దగ్గర్నుంచి నేను ఫ్యాన్ కింద కూర్చున్నా పైకి చూస్తూనే ఉంటాను. రోహిణి కార్తె రాకముందే ఏదో ఒకటి చేయాలి. తెలిసినవాళ్ళు చెప్పండి.

భీమవరం – మే 12

కూలర్ మాత్రం కొనకండి, డబ్బు దండగ. మేము రెండేళ్ళ కిందట కొన్నాం. కూలర్ చేసేదల్లా నీటిని ఆవిరి చేసి ఆ చల్లదనాన్ని గదిలోకి తోయడమే. గాలి పొడిగా ఉండే అనంతపురంలోనో ఆదిలాబాద్‌లోనో అది బాగా పనిచేస్తుంది. మన దగ్గర గాలిలో ముందే తేమ నిండి ఉంటే నీళ్ళు ఎక్కడ ఆవిరవుతాయి? మొదటి గంట బాగుందనిపించింది. తర్వాత గదంతా జిగట. దుప్పటి తడిగా, డబ్బాలో అప్పడాలు మెత్తగా అయిపోయాయి. పొడిగా ఉండే పడమటి గాలి కొట్టే పది పన్నెండు రోజులు మాత్రం నిజంగా పనికొచ్చింది. ఆ రోజుల కోసమైతే కిటికీకి తడి గుడ్డ కట్టినా సరిపోతుంది.

పాలకొల్లు వైరింగ్ పని – మే 12

అమ్మా, నేను 1991 నుంచి ఈ చుట్టుపక్కల ఇళ్ళకి వైరింగ్ చేస్తున్నాను. మీరు కొలతలతో సహా రాశారు కాబట్టి నేనూ వివరంగా రాస్తాను.

ముందు ఊడిపోయిన ఫ్యాన్ సంగతి. నేను చూసినంతలో ఫ్యాన్లు పడేది మూడు కారణాలకి. ఒకటి, రాడ్డు పైన హుక్కుకి తగిలించే బోల్టులో స్ప్లిట్ పిన్ను వేయకపోవడం. నట్టు ఎంత బిగించినా ఫ్యాన్ వణుకుకి ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా వదులవుతుంది. ఆ నట్టు ఊడి రాకుండా ఆపేది ఆ చిన్న పిన్నే. రూపాయి విలువ చేయని వస్తువు, బిగించేటప్పుడు కింద పడితే వెతకడానికి బద్ధకించి వదిలేస్తారు. రెండు, హుక్కుకి తగిలే రబ్బరు బుష్ అరిగిపోయి ఇనుము మీద ఇనుము రాపాడటం. మూడు, తుప్పు. మీది గోదావరి పక్క, అంతర్వేది నుంచి ఉప్పుగాలి వచ్చే దారి. శ్లాబులో వేసిన హుక్కు పైకి రంగు వేసి బాగానే కనిపిస్తుంది, లోపల పొరలు పొరలుగా లేచిపోయి ఉంటుంది. రాడ్డు పైన హుక్కుని కప్పే టోపీ కిందికి దించి, స్క్రూడ్రైవరుతో గీకి చూడాలి. పొడి రాలితే ఆ హుక్కుని నమ్మకూడదు.

నేను ఏ ఫ్యాన్ బిగించినా ముందు హుక్కు పట్టుకుని నా బరువంతా వేసి వేలాడి చూస్తాను. ఫ్యాన్ బరువు నాలుగైదు కిలోలే. కానీ తిరిగేటప్పుడు అది ఊరికే వేలాడదు, లాగుతుంది, వణుకుతుంది. మనిషి బరువు ఆపని హుక్కు ఫ్యాన్‌ని పదేళ్ళు ఆపదు. మీ ఇంటికొచ్చే అబ్బాయి చేత కూడా ఈ పరీక్ష మీ కళ్ళముందే చేయించండి, మొహమాటపడకండి.

ఇక మీ గది. కొత్త ఫ్యాన్ కొనే ముందు ఉన్నదాన్ని సరిగ్గా తిరగనివ్వండి. పదిహేనేళ్ళ ఫ్యాన్ మెల్లబడితే నూటికి ఎనభై ఇళ్ళల్లో నేను మార్చేది కండెన్సరే. చిన్న డబ్బీలా ఉంటుంది, మామూలు 48 అంగుళాల ఫ్యాన్‌కి రెండున్నర మైక్రోఫారడ్‌ది పడుతుంది. వేడికి అది ఏటేటా బలం తగ్గుతూ వస్తుంది. మార్చితే ఆ ఫ్యానే మీరు గుర్తుపట్టలేనట్టు తిరుగుతుంది. పాతదాని మీద రాసి ఉన్న అంకె చూసి అదే తెప్పించండి. ఎక్కువది వేస్తే ఇంకా స్పీడుగా తిరుగుతుందని కొందరు పెద్దది వేస్తారు, కాయిల్ కాలిపోతుంది. కండెన్సర్ మార్చినా మెల్లగానే ఉంటే బేరింగులు పట్టేసినట్టు. స్విచ్చి ఆపాక రెక్కని చేత్తో తోసి చూడండి. హాయిగా పది పన్నెండు చుట్లు తిరిగి ఆగాలి. రెండు చుట్లకే ఆగిపోతే బేరింగులే.

తిరగడం కూడా సరైన వైపు తిరుగుతోందో లేదో చూడండి. కింద నిలబడి చూస్తే మన ఫ్యాన్లు గడియారం ముల్లుకి ఎదురుగా తిరగాలి. కాయిల్ కట్టించి తెచ్చాక వైర్లు తారుమారైతే అటు తిరిగి గాలిని పైకి తోస్తుంది. అలాంటి ఫ్యాన్ కింద రెండు ఎండాకాలాలు గడిపిన ఇల్లు ఒకటి నాకు తెలుసు. ఫ్యాన్ పాతదైపోయిందనుకున్నారు పాపం.

రాడ్డు గురించి గట్టిగా చెబుతాను. శ్లాబుకి ఆనుకుని ఉన్న ఫ్యాన్‌కి పైనుంచి పీల్చుకోవడానికి గాలి చాలదు. రెక్కలకీ శ్లాబుకీ మధ్య కనీసం అడుగు ఉండాలి. మీది పదిన్నర అడుగుల ఎత్తు కాబట్టి ఇంకా కిందికి దించొచ్చు. పొడుగైనవాళ్ళు చెయ్యెత్తినా తగలకూడదు, అది మాత్రం చూసుకోవాలి. రెండడుగుల రాడ్డు వేయించండి.

దూలం సంగతి. వసారాలో చెదలు ఉందన్నారు, హాలు దూలం దానికి ఎంత దూరం? చెదలు మట్టిగూడు పైకి కనిపించకపోయినా లోపల తినేస్తుంది. సుత్తితో మెల్లగా ఈ కొసనుంచి ఆ కొసకి కొట్టుకుంటూ రావాలి. గట్టి కర్ర ఖంగుమంటుంది, డొల్ల కర్ర బోలుగా మోగుతుంది. సన్నటి బరమాతో ఒక రంధ్రం వేసి వచ్చే పొట్టు చూస్తే ఇంకా నమ్మకం. గట్టిగా ఉన్న టేకు దూలమైతే భేషుగ్గా ఆపుతుంది. కానీ అడుగునుంచి మర హుక్కు తిప్పి దానికి ఫ్యాన్ తగిలించొద్దు. కర్ర ఎండకి ఎండి, వానకి ఉబ్బి, ఆ మర పట్టు వదిలేస్తుంది. దూలం చుట్టూ ఇనప పట్టీ తిప్పి, పైన అడ్డపట్టీ వేసి నట్లు బిగించి, ఆ పట్టీకి ఫ్యాన్ తగిలించాలి. అప్పుడు బరువు దూలం మీద కూర్చుంటుంది. డొల్ల శబ్దం ఏ మాత్రం వచ్చినా వద్దమ్మా. గోడ ఫ్యాన్ పెట్టుకోండి.

పని చేసేటప్పుడు గోడ మీద స్విచ్చి ఆపితే సరిపోదు, మెయిన్ దించాలి. పాత ఇళ్ళల్లో కరెంటు తెచ్చే ఫేజు వైరు, న్యూట్రల్ వైరు ఒక్కోసారి తారుమారుగా ఉంటాయి. అప్పుడు స్విచ్చి ఆపినా ఫ్యాన్ దగ్గర కరెంటు ఉంటుంది. నిచ్చెన మీద చిన్న షాకు కూడా మనిషిని కింద పడేస్తుంది. మీవారు స్వయంగా ఎక్కుతానంటే ఒప్పుకోకండి.

రాజోలు వైపు కోడలు – మే 13

ఎంత ఓపిగ్గా రాశారండీ, చాలా థ్యాంక్స్. పొద్దున్నే మావారు రెక్క తోసి చూశారు, తొమ్మిదో చుట్టుకి ఆగింది. తిరిగేది కూడా సరైన వైపే. అంటే కండెన్సరే అయ్యుంటుంది. దూలం కొట్టి చూస్తే గోడ దగ్గర మూరెడు మేర శబ్దం మారుతోంది. మామయ్యగారు దగ్గరుండి విని, "అక్కడ పోయింది" అన్నారు. ఆ దూలం వాళ్ళ నాన్నగారు పడవ మీద రాజమండ్రి నుంచి తెప్పించిన కర్రట. చాలాసేపు దాని మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

కాకినాడ, రిటైర్డ్ ఇంజనీర్ – మే 13

పాలకొల్లు ఆయన చెప్పిన రెండడుగుల రాడ్డు అనుభవంతో చెప్పింది. లెక్క వేసినా సరిగ్గా అక్కడికే వస్తుంది. నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో ఒక సూత్రం ఉంది. గది ఎత్తుని మూడుతో హెచ్చవేసి, దానికి మనం కూర్చునే లేదా పడుకునే ఎత్తు కలిపి, నాలుగుతో భాగిస్తే రెక్కలు నేలనుంచి ఎంత ఎత్తులో ఉండాలో వస్తుంది. మీ గది పదిన్నర అడుగులు, మంచం అడుగున్నర అనుకుంటే మొత్తం 33, నాలుగో వంతు ఎనిమిదింబావు అడుగులు. ఇప్పుడు జానెడు రాడ్డుతో మీ రెక్కలు దాదాపు తొమ్మిదిన్నర అడుగుల ఎత్తులో ఉండి ఉంటాయి. రెండడుగుల రాడ్డు వేస్తే పదిహేను అంగుళాలు దిగి ఆ ఎనిమిదింబావుకే వస్తాయి.

గాలి పరిమాణానికీ అదే కోడ్‌లో లెక్క ఉంది. గది పొడవు ఎన్ని మీటర్లో దాన్ని 55తో గుణిస్తే నిమిషానికి అన్ని ఘనపు మీటర్ల గాలి కావాలి. మీ 14 అడుగులు అంటే నాలుగుంబావు మీటర్లు, సుమారు 235 ఘనపు మీటర్లు. మంచి 48 అంగుళాల ఫ్యాన్ 210 నుంచి 230 దాకా ఇస్తుంది. అంటే మీది అంచున ఉన్న గది. కొత్తది కొనేటట్టయితే 56 అంగుళాలది తీసుకోండి, పెట్టె మీద 1400 ఎంఎం అని ఉంటుంది. 2023 నుంచి సీలింగ్ ఫ్యాన్లకి స్టార్ లేబుల్ తప్పనిసరి, నిమిషానికి ఎంత గాలి ఇస్తుందో కూడా చూసి కొనండి. రంగూ, రెక్కల మీద పువ్వులూ తర్వాత చూడొచ్చు.

మీ సాయంత్రపు వోల్టేజీకి బీఎల్‌డీసీ ఫ్యాన్, అంటే బ్రష్‌లెస్ డీసీ మోటారుది, నిజంగా మేలు. మామూలు ఫ్యాన్ మోటారుకి వోల్టేజీ కొంచెం తగ్గినా బలం అంతకు మించి పడిపోతుంది. బీఎల్‌డీసీలో లోపల ఉన్న సర్క్యూట్ వోల్టేజీ తగ్గినా వేగం తగ్గనివ్వదు. కరెంటు కూడా తక్కువ. పాత ఫ్యాన్ 75 వాట్లు, ఇది 30 – 35. రోజుకి పదిహేను గంటలు తిరిగితే పాతది నెలకి 34 యూనిట్లు, కొత్తది 16 లోపు. ఇన్వర్టర్ ఉంటే బ్యాటరీ రెట్టింపు సేపు వస్తుంది. ఒక్క జాగ్రత్త, దానికి గోడ మీది పాత రెగ్యులేటర్ ఉంచకూడదు, తీయించి నేరుగా ఇప్పించండి. రిమోట్ మామయ్యగారి మంచానికి తాడుతో కట్టండి, చీకట్లో వెతుక్కోకుండా.

కానీ అమ్మా, మీ అసలు శత్రువు శ్లాబు. ఆయన "పైనుంచి పొయ్యి" అన్నారు చూశారా, అది అక్షరాలా నిజం. పగలంతా తాగిన ఎండ కాంక్రీటులోంచి మెల్లగా కిందికి దిగి, లోపలికి చేరేసరికి రాత్రవుతుంది. అందుకే బయట చల్లబడుతున్న వేళకి గదిలో వేడెక్కుతుంది. ఆ శ్లాబు పొయ్యి మీది పెనంలా వేడిని నేరుగా ఒంటి మీదికి విసురుతుంది. ఫ్యాన్ గాలిని కదుపుతుంది గానీ దాన్ని ఆపలేదు. అందుకని డాబా మీద తెల్లగా వేయించండి. శ్లాబు ఊడ్చి, తడిపి, గుల్ల సున్నంలో కొంచెం జిగురు కలిపి రెండు పూతలు. వానాకాలానికి పోతుంది, మళ్ళీ వచ్చే ఏడాది వేసుకోవచ్చు. డబ్బు పెట్టగలిగితే ఎండని తిప్పికొట్టే కూల్ రూఫ్ రంగులు వస్తున్నాయి, కొన్నేళ్ళు నిలుస్తాయి. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీని కోసం ప్రత్యేకంగా ఒక విధానమే తెచ్చింది. కొబ్బరాకుల పందిరి వేస్తే ఇంకా చల్లన, మీకు ఆకులకి కొదవ లేదు. అయితే వైశాఖం ఈదురుగాలికి లేచిపోకుండా కట్టాలి, వంటింటి పొగగొట్టానికి దూరంగా ఉండాలి. ఎండుటాకు నిప్పురవ్వకి ఎంతసేపు?

కిటికీలు కూడా వేళ చూసి తెరవండి. పడమటి గాలి కొట్టే మధ్యాహ్నం మూసేయాలి. సముద్రపు గాలి తిరిగాక దక్షిణపు కిటికీ, ఉత్తరపు తలుపు రెండూ బార్లా తెరిచి ఫ్యాన్ వేయాలి. ఆ పడమటి గాలి గట్టిగా ఉన్న రోజునే సముద్రపు గాలి లోపలికి రాలేక మన తీరమంతా ఉడికిపోతుంది.

అమలాపురం వైపు నర్సు – మే 14

నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తాను. ఫ్యాన్ సంగతి వాళ్ళు చెప్పారు, మనిషి సంగతి నేను చెబుతాను. 2015 మే నెల నేను మర్చిపోలేను. ఆ ఎండల్లో మన రాష్ట్రంలోనే వెయ్యిమందికి పైగా చనిపోయారు. మా దగ్గరికి తెచ్చినవాళ్ళలో ఎండలో పనిచేసిన కూలీలే కాదు, ఇంట్లో మంచం మీద ఉన్న ముసలివాళ్ళు కూడా ఉన్నారు. "నీడలోనే ఉన్నారండీ, ఎండలోకి వెళ్ళలేదు" అని ఇంట్లోవాళ్ళు ఏడ్చేవారు.

ఫ్యాన్ గాలిని చల్లబరచదు. మన చెమటని ఆరబెట్టి ఒంటిని చల్లబరుస్తుంది. మీ మామయ్యగారి వయసులో చెమట తక్కువ పడుతుంది, దాహం కూడా సరిగ్గా తెలియదు. అందుకని ఆ తడిని మనం ఇవ్వాలి. పడుకునే ముందు, మళ్ళీ మెలకువ వచ్చినప్పుడు తడి తువ్వాలుతో మెడ, చంకలు, చేతులు, కాళ్ళు తుడిచి ఫ్యాన్ కింద పడుకోబెట్టండి. నూతి దగ్గరికి ఆయన వెళ్ళేది బహుశా ఈ చల్లదనం కోసమే. మంచం పక్కన స్టూలు మీద చిన్న బకెట్, తువ్వాలు, మూతపెట్టిన మంచినీళ్ళ చెంబు పెట్టి ఉంచితే ఆయన చీకట్లో అంతదూరం వెళ్ళాల్సిన పని ఉండదు. గాలి 40 డిగ్రీలు దాటినప్పుడు పొడి ఒంటి మీద ఫ్యాన్ వేస్తే మేలు కంటే కీడే, వేడిగాలి ఒంటికి ఇంకా వేడి ఎక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. అలాంటి మధ్యాహ్నం తప్పకుండా ఒళ్ళు తడపాలి.

మన తీరానికి వాతావరణ శాఖ లెక్క కూడా వేరు. మైదానంలో 40 దాటితే వడగాలి అని చూస్తారు. తీరంలో 37 చేరి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పెరిగితే చాలు. "ఇంకా నలభై కాలేదు కదా" అని ధీమాగా ఉండొద్దు.

డాబా గదిలో ఆయనకి స్పంజి పరుపు వేశారా? వేసి ఉంటే తీసేయండి. వీపు కింద వేడి అలాగే నిలిచిపోతుంది. నవారు మంచం మీద పల్చటి నూలు దుప్పటి వేస్తే కిందనుంచి కూడా గాలి ఆడుతుంది. తాగడానికి పల్చటి మజ్జిగ, కొబ్బరి నీళ్ళు, తరవాణి, ఆయన అలవాటు ఏదైతే అది, అడగకపోయినా గంటకోసారి కొంచెం కొంచెం ఇవ్వండి. ఆయనకి బీపీ మాత్రలు ఉంటే ఉప్పు ఎంత వేయాలో, వాటిలో ఒంట్లో నీరు తీసే మాత్ర ఏదైనా ఉందేమో డాక్టరుగారిని అడగండి. మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు.

మాట తడబడినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, ఒళ్ళు కాలిపోతూ మత్తుగా ఉన్నా అది వడదెబ్బే అనుకోండి. వెంటనే 108కి ఫోన్ చేసి, వాళ్ళు వచ్చేలోపు ఒళ్ళంతా తడుపుతూ విసురుతూ ఉండండి. తెలివి లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

రాజోలు వైపు కోడలు – మే 25

ఈరోజు రోహిణి కార్తె. ఏం చేశామో రాస్తాను, మాలాంటివాళ్ళు ఇంకెవరైనా చదువుతారు.

పరుపు ఆ రోజు రాత్రే తీసేశాను. స్పంజిదేనండి, పెద్దాయనకి మెత్తగా ఉంటుందని నేనే ముచ్చటపడి కొన్నాను. నవారు మంచం వసారాలోంచి తెప్పించి, వదులైన నవారు బిగించాం. ఆ ఒక్కదానికే ఆయన పన్నెండున్నర దాకా పడుకున్నారు.

తర్వాత డాబా మీద సున్నం. ఇద్దరు మనుషులు ఒక పూటలో రెండు పూతలు వేశారు. ఆ తెల్లదనానికి మధ్యాహ్నం పైకి వెళ్తే కళ్ళు తెరవలేకపోతున్నాం. గోడకి చిన్న థర్మామీటర్ పెట్టాను. సున్నానికి ముందు రాత్రి తొమ్మిదింటికి 36 చూపించేది, ఇప్పుడు 34 చూపిస్తోంది. పందిరి మాత్రం వేయలేదు, వంటింటి పొగగొట్టం పక్కనే ఉంది.

ఫ్యాన్ దించిన రోజు నాకు గుండె ఝల్లుమంది. టోపీ దించి చూస్తే బోల్టుకి స్ప్లిట్ పిన్ను లేదు. నట్టు మూడొంతులు బయటికి వచ్చేసి ఉంది. నాలుగు నెలలుగా ఆయన దాని కిందే పడుకున్నారు. హుక్కు మాత్రం గట్టిగానే ఉంది, వచ్చినబ్బాయి నేను అడిగాక వేలాడి చూపించాడు. కొత్త బుష్, కొత్త బోల్టు, పిన్ను, రెండడుగుల రాడ్డు, 56 అంగుళాల బీఎల్‌డీసీ ఫ్యాన్ వేయించాం. పాత రెగ్యులేటర్ తీసేశారు. రిమోట్‌కి తాడు కట్టాను. అదే అబ్బాయి చేత ఇంట్లో మిగతా నాలుగు ఫ్యాన్ల టోపీలూ దింపించాను. ఇంకో దానికి కూడా పిన్ను లేదు. తోటికోడలికి అప్పుడే ఫోన్ చేసి చెప్పాను. దయచేసి ఇది చదివినవాళ్ళు మీ ఇంట్లో కూడా ఒకసారి టోపీ దింపించి చూడండి.

పాత ఫ్యాన్‌కి కండెన్సర్ మార్చితే నిజంగానే కొత్తదానిలా తిరుగుతోంది, దాన్ని వంటింట్లో పెట్టించాం. ఇన్నేళ్ళూ పొయ్యి దగ్గర నేను ఫ్యాన్ లేకుండానే చేశాను.

మామయ్యగారు నిన్న రాత్రి రెండింటికి ఒకసారి లేచారు. తడి తువ్వాలుతో మెడ తుడుచుకుని, నీళ్ళు తాగి, మళ్ళీ పడుకున్నారు. నేను తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాను. నూతి చప్టా పాచి కూడా గీకించేశాం.

హాల్లో దూలానికి వద్దనుకున్నాం, గోడ ఫ్యాన్ తెచ్చాం. దాన్ని ఏ గోడకి పెట్టమంటారు? వాలుకుర్చీ పడమటి గోడ పక్కన ఉంటుంది, కిటికీ దక్షిణాన.

పాలకొల్లు వైరింగ్ పని – మే 25

పిన్ను సంగతి చదివి నాకూ ఒళ్ళు జలదరించిందమ్మా. దించి చూసి మంచి పని చేశారు.

గోడ ఫ్యాన్ దక్షిణపు గోడకే, కిటికీ పక్కన, ఆరేడు అడుగుల ఎత్తులో పెట్టించండి. బయటి గాలి ఎటు వస్తుందో ఫ్యాన్ కూడా అటే తోయాలి. కుర్చీని పడమటి గోడ నుంచి రెండడుగులు జరపండి, మధ్యాహ్నం ఎండకి ఆ గోడ కాగిపోతుంది. పాత గోడ మట్టితో కట్టినదైతే స్క్రూలకి వేసే ప్లాస్టిక్ గట్టాలు ఆగవు, చిన్న టేకు పలక బిగించి దాని మీద ఫ్యాన్ వేయించండి. వైరు కుర్చీ వెనకనుంచి రానివ్వకండి, ఆయన లేచేటప్పుడు కాలికి తగులుతుంది.